దేవేంద్ర నగర్‌లో పొడుగు చేతుల బేరం

రాయ్‌పూర్ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కితే దేవేంద్ర నగర్ చేరడానికి పట్టే సమయం కన్నా ఆటోవాడితో బేరానికి పట్టే సమయమే ఎక్కువ. పండ్రి బట్టల మార్కెట్ రద్దీ దాటగానే సెక్టార్లుగా విడగొట్టిన వీధులు, గేటుకో కారు, గేటు పక్కన తులసి కుండీ. గత వర్షాకాలంలో ఓ ఉదయం నేను మా అక్క ఇంటి ముందు దిగేసరికి గేటు లోపల ఓ వింత దృశ్యం. మేనల్లుడి జిమ్నీ ముందు కుడి చక్రం జాకీ మీద గాల్లో ఉంది. రెండు ఇటుకల మీద చెక్క పలక, దాని మీద వెనక ఎడమ చక్రం. బావగారు లుంగీ ఎగ్గట్టి బండి కింద బోర్లా పడుకుని టేపు పట్టుకున్నారు. మావాడు పక్కన నిలబడి నోట్‌బుక్‌లో అంకెలు రాసుకుంటున్నాడు.

"ఏటి ఈ పొద్దున్నే?" అన్నాను అక్కతో.

"బండికి చేతులు మార్పిస్తాడట. ఉన్నవి పొట్టివట" అంది ఆవిడ, కాఫీ గ్లాసు చేతిలో పెడుతూ.

అక్క హాస్యానికి అన్నా మాట నిజమే. ఆ కుర్రాడు మూడు నెలలుగా నలుగుతున్నది లాంగ్ ఆర్మ్ సస్పెన్షన్ అనే ఓ మార్పు గురించి. విదేశీ కిట్. బండి నాలుగంగుళాలు పైకి లేస్తుంది, కింద ఇరుసును ఛాసిస్‌కు కలిపే ఉక్కు చేతులు పొడుగవుతాయి, దానికి తోడు 31 అంగుళాల టైర్లు. ఖర్చు లెక్క వేస్తే బండి ధరలో చెప్పుకోదగ్గ వాటా. బావగారు ససేమిరా అన్లేదు. "కొలిచి చూద్దాం" అన్నారు. ఆయన సంగతి తెలిసినవాళ్లకు అది ససేమిరా కన్నా కష్టమైన జవాబు.

ఎందుకంటే ఆయన జీవితమంతా స్ప్రింగుల మధ్యే గడిచింది. రాయ్‌పూర్‌లోని రైల్వే వ్యాగన్ రిపేర్ షాపులో ఫిట్టర్‌గా చేరి సూపర్‌వైజర్‌గా రిటైరయ్యారు. మా వైపు నుంచి ఈ ఊరికి వచ్చిన కుటుంబాల్లో చాలామందిని రైలే తీసుకొచ్చింది. బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్లు 1931లో విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా రాయ్‌పూర్ దాకా లైను పూర్తిచేశారు. ఛత్తీస్‌గఢ్ మైదానాల సరుకును, అప్పుడు కడుతున్న విశాఖ రేవుకు చేర్చడానికి వేసిన ఆ లైను మీద సరుకు అటు వెళితే మనుషులు ఇటు వచ్చారు. డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో దసరా రోజున తగలబెట్టే భారీ రావణుణ్ని చూడ్డానికి నగరమంతా వస్తుంది. ఆ జనంలో తెలుగు వినబడకుండా పది అడుగులు వేయడం కష్టం. ఇక్కడి తెలుగువాళ్లకు నవంబరు 1 రెండు రకాలుగా గుర్తు. 1956లో ఆంధ్రప్రదేశ్, 2000లో ఛత్తీస్‌గఢ్ ఒకే తేదీన పుట్టాయి. బావగారు మొదటి దానికి సెలవు పెట్టేవారు, రెండో దానికి సెలవు వచ్చింది.

ఇప్పుడు ఈ చేతుల సంగతి.

పాత జీపులకు అసలు చేతులే ఉండవు. 1940ల చివర మహీంద్రా వాళ్లు మన దేశంలో బిగించడం మొదలుపెట్టిన విల్లీస్ దగ్గర్నుంచి, పాడేరు ఏజెన్సీలో మనుషుల్ని బయట కూడా వేలాడదీసుకుని తిరిగిన కమాండర్ దాకా, 1985లో వచ్చిన మారుతి జిప్సీతో సహా అన్నిటికీ కమాన్లే. కమాను కట్ట బరువూ మోస్తుంది, ఇరుసు ముందుకూ వెనక్కూ జరక్కుండానూ పట్టుకుంటుంది. ఒకే మనిషి రెండు ఉద్యోగాలు చేసినట్టు. అందుకే మొరటుగా చేస్తుంది, కానీ మానదు. చుట్ట స్ప్రింగు అలాక్కాదు. అది బరువు మోస్తుందంతే. ఇరుసు ఎటు పోవాలో చెప్పడానికి వేరే కడ్డీలు కావాలి. అవే ఈ చేతులు. ఒక కొస ఇరుసుకు, మరో కొస రబ్బరు బుష్‌తో ఛాసిస్‌కు ఉంటుంది. 1970లో రేంజ్ రోవర్ ఈ ఏర్పాటుతో వచ్చి మొండి బండి కూడా మెత్తగా నడవగలదని చూపించింది. అమెరికా జీప్ రాంగ్లర్ 1997 మోడల్‌లో గానీ కమాన్లు వదల్లేదు. అక్కడి రాళ్లదారుల కుర్రాళ్లు ఆ రాంగ్లర్‌ను నాలుగైదు అంగుళాలు లేపడం మొదలుపెట్టాక వచ్చిన చిక్కుకు విరుగుడే లాంగ్ ఆర్మ్.

చిక్కు ఏమిటో బావగారు చీపురు పుల్లతో చూపించారు. మామూలుగా చెయ్యి నేలకు దాదాపు సమాంతరంగా ఉంటుంది. చక్రం గతుకు ఎక్కినప్పుడు పైకి, దిగినప్పుడు కిందికి, దాదాపు నిటారుగా కదులుతుంది. బండిని పైకి లేపితే చెయ్యి కిందికి వాలుతుంది. వాలిన చెయ్యి చక్రాన్ని నిటారుగా కదలనివ్వదు. గుండ్రంగా తిప్పుతూ వెనక్కి లాగుతుంది. గతుకు తగిలినప్పుడు ఆ దెబ్బ స్ప్రింగుకు పోకుండా సూటిగా ఛాసిస్‌కు తగులుతుంది. రోడ్డు మీద మెత్తగా పోయిన బండి పైకి లేపాక గుర్రబ్బండిలా కుదపడానికి సగం కారణం ఇదే.

అంకెల్లో చూస్తే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. చెయ్యి పొడవు 60 సెంటీమీటర్లు అనుకుందాం, మొదట నేలకు సమాంతరంగా ఉందనుకుందాం. బండిని 5 సెంటీమీటర్లు, అంటే రెండంగుళాలు లేపితే చెయ్యి సుమారు 4.8 డిగ్రీలు వాలుతుంది. అదే చెయ్యి 90 సెంటీమీటర్లయితే 3.2 డిగ్రీలు. తేడా డిగ్రీన్నర. 10 సెంటీమీటర్లు లేపితే 9.6, 6.4. ఆ ఎత్తులో చక్రం గోతిలోకి మరో 15 సెంటీమీటర్లు జారితే పొట్టి చెయ్యి దాన్ని నాలుగున్నర సెంటీమీటర్లకు పైగా వెనక్కి లాగుతుంది, పొడుగుది మూడు సెంటీమీటర్లతో సరిపెడుతుంది. అంటే రెండంగుళాల దగ్గర పెద్దగా కనబడని లాభం, నాలుగంగుళాల దగ్గర మొదలవుతుంది. "ముందు ఎంత లేపుతావో తేల్చుకో, చెయ్యి సంగతి తర్వాత" అన్నది బావగారి మొదటి తీర్పు. కిట్లు అమ్మేవాళ్లు ఈ వరసను తిరగేసి చెప్తారు.

జిమ్నీకి ఇంకో మెలిక ఉంది. 2023 జూన్‌లో మన మార్కెట్‌లోకి వచ్చిన ఈ ఐదు తలుపుల బండికి ముందూ వెనకా రెండూ గట్టి ఇరుసులే. ఈ రోజుల్లో ఈ ధరలో అది అరుదు. ఒక్కో ఇరుసుకు రెండు చేతులు, పక్కకు జరక్కుండా ఓ అడ్డకడ్డీ. ముందు చేతులు ఇరుసును రెండేసి బుష్‌లతో గట్టిగా పట్టుకుంటాయి కాబట్టి చెయ్యి ఎన్ని డిగ్రీలు వాలితే ఇరుసు కూడా దాదాపు అన్ని డిగ్రీలు తిరిగిపోతుంది. స్టీరింగ్ వదిలితే చక్రాలు వాటంతటవి సూటిగా రావడానికి కారణమైన క్యాస్టర్ అనే కోణం ఆ మేరకు తగ్గుతుంది. అసలు ఉండేదే కొద్ది డిగ్రీలు. అది పోయిందంటే హైవే మీద బండి తాగినవాడిలా అటూ ఇటూ తూలుతుంది. దానికి పొడుగు చేతులే కావాలనేం లేదు. రెండంగుళాల వరకూ అయితే రంధ్రం పక్కకు జరిపి చేసిన బుష్‌లు చాలు. అడ్డకడ్డీ కూడా వాలుతుంది గనక ఇరుసు ఓ పక్కకు జరుగుతుంది, దాన్నీ సరిచేసుకోవాలి. బ్రేకు గొట్టాలు అందుతాయా, ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్లు ఎక్కువ వంగుతున్నాయా, షాక్ అబ్జార్బర్ నిండా సాగి తెగే స్థితికి వస్తోందా అన్నవి చూడకపోతే చేతులకు పెట్టిన డబ్బు ఆసుపత్రికి పెట్టిన అడ్వాన్సే.

పక్కింటాయన తన థార్‌కూ ఇది వేయించవచ్చా అని గోడ మీంచి అడిగాడు. 2020 థార్‌కు ముందు ఇరుసే లేదు. రెండు చక్రాలూ వేటికవి కదిలే ఏర్పాటు. అక్కడ ఈ లాంగ్ ఆర్మ్ అన్న మాటకు అర్థం లేదు, వెనక ఇరుసుకు మాత్రమే ఆలోచించాలి. ఆయన కొంచెం నిరాశపడ్డాడు. ఆయన భార్య ముఖంలో మాత్రం అది కనబడలేదు.

మధ్యాహ్నం ఓ గ్యారేజీకి వెళ్లాం. పేరు రాయను, తప్పు ఆ ఒక్కరిదే కాదు గనక. విదేశీ కిట్ ఎందుకు దండగ, అందులో నాలుగో వంతుకు ఇక్కడే చేసిస్తామన్నారు. నమూనా చూపించారు. నల్ల రంగు, మెరుపు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. బావగారు దాన్ని చేతిలోకి తీసుకుని గోరుతో గీకి, కొస దగ్గర లోపలికి తొంగిచూశారు. లోపల పొడుగునా సన్నని అతుకు గీత. నీళ్ల గొట్టంలాంటిది. బుష్ కూర్చునే రింగు దగ్గర వెల్డింగ్ పైపైన పొంగి ఉంది, లోపలికి దిగలేదు. "ఇది తెగితే ఇరుసు తిరిగిపోద్ది. బ్రేకు వేసినప్పుడే తెగుద్ది, ఊరికే నిలబడి ఉన్నప్పుడు తెగదు" అన్నారాయన నాతో తెలుగులో. గ్యారేజీ అతనితో హిందీలో "బహుత్ బఢియా" అని చెప్పి బయటికొచ్చేశారు. సిల్తారా రోలింగ్ మిల్లులో పనిచేసే మావాడికి ఆ గీత తనకెందుకు కనబడలేదా అని సిగ్గేసింది. రోజూ ఉక్కు మధ్య తిరిగేవాడు మెరుపు చూసి మోసపోవడం నాకైతే వింతగా అనిపించలేదు. ఇష్టపడి కొనేటప్పుడు అందరం అంతే.

అసలు కిట్‌లోనూ ఛాసిస్‌కు కొత్త బ్రాకెట్లు వెల్డింగ్ చేయాలి లేదా బోల్టులతో బిగించాలి. అక్కడే చట్టం అడ్డొస్తుంది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఓ కేసులో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించినప్పుడు, అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు లేదా రెండూ అని చేర్చారు. రోడ్డు మీద నిలదీసే పోలీసు కన్నా భయపడాల్సింది ప్రమాదం తర్వాత వచ్చే బీమా సర్వేయర్‌కు. బండి ఎత్తు చూడగానే అతడు పెన్ను తీస్తాడు. గోవాలో 2014 నుంచి జరిగిన రెయిన్‌ఫారెస్ట్ చాలెంజ్ లాంటి పోటీల్లో దిగే బండ్లు వేరు. వాటిని చాలావరకు లారీ మీద తెచ్చి బురదలో దింపి, మళ్లీ లారీ మీదే తీసుకెళ్తారు. అలాంటి బండికి లాంగ్ ఆర్మ్ విలాసం కాదు, అవసరం. మావాడి బండి మాత్రం సోమవారం సిల్తారాకు పోవాలి.

"ఇవన్నీ కాయితాల మీద మాటలు మావయ్యా, రేపు బయటికెళ్లి చూద్దాం" అన్నాడు వాడు. న్యాయమైన కోరికే.

మర్నాడు ధమ్తరీ వైపు బయల్దేరాం. గంగ్రేల్ డ్యామ్ చూసి, తిరుగుదారిలో రోడ్డు దిగి పొలాల మధ్య బండిబాటలో పడ్డాం. అడవిలోకి వెళ్లలేదు. అభయారణ్యాల్లో సొంత బండితో దారి తప్పడం సాహసం కాదు, నేరం. ఛత్తీస్‌గఢ్ రైతు నేలను నాలుగు పేర్లతో పిలుస్తాడు: భాటా, మటాసీ, డోర్సా, కన్హార్. భాటా ఎర్ర గులకనేల, వానలోనూ చక్రాన్ని మోస్తుంది. మటాసీ పసుపు నేల. డోర్సా మధ్యరకం. కన్హార్ మన నల్లరేగడికి చుట్టం. మా బాట మొదటి కిలోమీటరు భాటా, మావాడు విజిలేస్తున్నాడు. ఓ కాలువ గట్టు దిగగానే రంగు మారింది. ఇరవై గజాల్లో టైరు గాళ్లు మూసుకుపోయి నాలుగు చక్రాలూ నున్నటి నల్ల గారెల్లా తయారయ్యాయి. ఇంజను అరుస్తోంది, బండి కదలదు.

నాలుగు చక్రాలూ నేల మీదే ఉన్నాయి. ఒక్కటీ గాల్లోకి లేవలేదు. లాంగ్ ఆర్మ్ చేసే ఉపకారమే చక్రాన్ని నేల మీద ఆనించి ఉంచడం. ఆనిన చక్రానికే పట్టు దొరకని చోట ఇంకెంత పొడుగు చెయ్యయితే ఏం లాభం? పైగా బండిని లేపినంత మాత్రాన ఇరుసు మధ్య ఉండే డిఫరెన్షియల్ గుండ్రం పైకి లేవదు. అది చక్రాలతో పాటే ఉంటుంది. దాన్ని లేపేది పెద్ద టైరు ఒక్కటే. కంపెనీ టైరు వ్యాసం సుమారు 69 సెంటీమీటర్లు, 31 అంగుళాలదైతే దాదాపు 79. ఇరుసుకు కలిసొచ్చేది అందులో సగం, ఐదు సెంటీమీటర్ల లోపు. దానికి మూల్యం బంపర్ కోత, నీరసపడే ఇంజను, స్పీడోమీటర్ 80 చూపిస్తుంటే నిజానికి 90 దాటిన వేగం.

ఇంకోటి. ఐదు తలుపుల కోసం ఈ బండి రెండు ఇరుసుల మధ్య దూరాన్ని 2,590 మిల్లీమీటర్లకు పెంచారు. మధ్యలో పొట్ట గట్టుకు తగలకుండా దాటగల కోణం 24 డిగ్రీలే. పొడుగు చేతుల బ్రాకెట్లు వచ్చేది సరిగ్గా ఆ పొట్ట కిందే. అంటే లేపినందువల్ల వచ్చిన ఎత్తులో కొంత అవే తినేస్తాయి. మేం దిగిన కాలువ గట్టు మీద ఛాసిస్ గీసుకున్న మచ్చను బావగారు వేలితో చూపించారు. మచ్చ ఉన్నచోటే కిట్ బొమ్మలో బ్రాకెట్ ఉంది. మావాడు ఫోన్‌లో బొమ్మనూ మచ్చనూ రెండుసార్లు చూసుకున్నాడు.

ట్రాక్టరు వచ్చి లాగడానికి గంటన్నర పట్టింది. ట్రాక్టరు రైతు డబ్బు తీసుకోలేదు. బండి చుట్టూ ఓసారి తిరిగి, టైరు మీద కాలితో తన్ని, గాలి సగానికి తగ్గించి ఉంటే ఇంత దూరం దిగేది కాదన్నాడు. టైరులో గాలి తగ్గిస్తే నేల మీద పరుచుకుంటుంది, పట్టు పెరుగుతుంది. తర్వాత నింపుకోవడానికి చిన్న పంపు ఉంటే చాలు. మూడు నెలల పరిశోధనలో మావాడు చదివిన వాటిల్లో ఇది ఉంది. కానీ దానికి కిట్ లేదు గనక మనసుకు ఎక్కలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అసలు విషయం బయటపడింది. ఏటా పైడితల్లి సిరిమానోత్సవానికి వీళ్లు విజయనగరం వస్తారు. రైల్లో వచ్చేవాళ్లు. మావాడు బండి కొన్నాక రోడ్డు మీద వస్తున్నారు. ధమ్తరీ, కాంకేర్, కేశ్‌కాల్ ఘాట్ మలుపులు, కొండగావ్, జగదల్‌పూర్, కోరాపుట్, ఆపైన సాలూరు ఘాట్. ఒకప్పుడు 43వ నంబరు జాతీయ రహదారి అని పిలిచిన దారి. రాయ్‌పూర్ నుంచి విశాఖకు కొత్త ఆరు వరసల రోడ్డు భాగాలకు 2023 జులైలో రాయ్‌పూర్‌లోనే ప్రధాని శంకుస్థాపన చేశారు. అక్కకు మాత్రం పాత దారే ఇష్టం. జగదల్‌పూర్‌లో ఓ రాత్రి ఆగడం, సాలూరు ఘాట్ దిగుతుంటే గాలి మారడం, తెలుగు బోర్డులు కనబడటం. ఆవిడకు మోకాళ్లు అరిగిపోయాయి. ఇప్పుడున్న బండిలోకే పైన పిడి పట్టుకుని ఓ ఊపుతో ఎక్కుతుంది. నాలుగంగుళాల కిట్, పెద్ద టైర్లు కలిస్తే మెట్టు దాదాపు పదిహేను సెంటీమీటర్లు పెరుగుతుంది.

"స్టూల్ పెట్టుకుందాంలే అమ్మా" అన్నాడు వాడు.

"ప్రతి టీ కొట్టు దగ్గరా స్టూల్ దింపుతావేట్రా? నానెక్కనేను. మీరెళ్లండి, నేను రైల్లో వస్తాను" అంది అక్క. కోపంగా కాదు, పెరుగు వడ్డిస్తూ. ఎవరూ మాట్లాడలేదు.

కాసేపటికి బావగారు తన వ్యాగన్ల కథ ఎత్తుకున్నారు. బొగ్గు మోసే బాక్సెన్ వ్యాగన్ ఖాళీగా 22 టన్నుల చిల్లర, నిండితే 80 టన్నులు దాటుతుంది. రెండింటినీ అవే స్ప్రింగులు మోయాలి. నిండిన బరువుకే స్ప్రింగు కట్టావా, ఖాళీ వ్యాగన్ పట్టాల మీద ఎగురుతుంది. పట్టాలు తప్పే ప్రమాదం నిండుదానికన్నా ఖాళీదానికే అని ఆయన అనుభవం. "లోడెంత అని అడక్కుండా స్ప్రింగు అమ్మేవాణ్ని నమ్మకు. నీ బండిలో లోడేంటి? మీ అమ్మ, నేను, రెండు సూట్‌కేసులు, ఓ మావిడికాయల బుట్ట. దానికి కట్టు." కిట్‌లో వచ్చే స్ప్రింగులు విన్చ్, ఇనప బంపర్, పైకప్పు మీద గుడారం మోసేవాళ్ల కోసం చేసినవి. వట్టి బండికి అవి గట్టిగా ఉంటాయి. కేశ్‌కాల్ మలుపుల్లో ఎత్తు పెరిగిన బండి బయటికి ఎంత వాలుతుందో వేరే చెప్పక్కర్లేదు. అలాంటి చోట ఆదుకోవడానికి కంపెనీ పెట్టిన ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ ఏర్పాటు కూడా అసలు ఎత్తును, అసలు టైరును లెక్కలో పెట్టుకుని అమర్చిందే.

నా ఉద్దేశంలో మావాడి తప్పు లాంగ్ ఆర్మ్ కోరుకోవడం కాదు. అది మంచి ఇంజనీరింగ్. రాళ్ల గుట్టల మీద నాలుగంగుళాలకు మించి లేపి నడిపే బండికి దాన్ని మించిన మార్గం లేదు. పొట్టి చేతులతో అంత లేపడమే మూర్ఖత్వం. వాడు నడిపే నేల రాయి కాదు, రేగడి. వాడి బండి పోటీ బండి కాదు, పండక్కి ఊరెళ్లే బండి. ఇది వాడికి తెలియక కాదు. ఇరవై ఆరేళ్ల వయసులో ఎత్తయిన బండి ఏమిటో నాకూ గుర్తుంది. మా రోజుల్లో బుల్లెట్ సైలెన్సర్ మార్చేవాళ్లం.

మూడో రోజు పొద్దున్న లేచేసరికి వాడు నోట్‌బుక్‌లో కొత్త జాబితా రాస్తున్నాడు. కంపెనీ కొలతకే దగ్గరగా ఉండే, గాళ్లు లోతుగా ఉన్న టైర్లు. గాలి తగ్గించే మీట, నింపే పంపు. లాగే పట్టా, చక్రం కింద వేసుకునే రెండు పలకలు. అరిగిపోయిన షాక్ అబ్జార్బర్ల స్థానంలో కొత్తవి, అదే పొడవువి. చేతులు, స్ప్రింగులు పాతవే. మొత్తం కిట్ ధరలో మూడో వంతు కూడా కాలేదు. చివర్న "లాంగ్ ఆర్మ్" అని రాసి కొట్టేసి, మళ్లీ పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు.

"అదేంట్రా ప్రశ్న?" అన్నారు బావగారు.

"ఎప్పుడైనా పాత జిమ్నీ ఇంకోటి కొంటే నాన్నా. ఊరికే బురదలో ఆడుకోడానికి."

"అప్పుడు గొట్టం నేను చూసి తెస్తాను. అతుకు లేనిది" అన్నారాయన.

స్టేషన్‌కు నన్ను దింపడానికి అందరూ బయల్దేరారు. అక్క పిడి పట్టుకుని ఓ ఊపుతో ముందు సీట్లోకి ఎక్కి, పమిట సర్దుకుని, ఇంకా ఎందుకు ఆలస్యం అన్నట్టు హారన్ కొట్టింది.